బాకీ పడ్డది డబ్బేనండీ!

మన భాషలో అప్పుకున్నంత చుట్టరికం మరో మాటకి లేదనుకుంటాను. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అని మూడు అప్పులు నెత్తిన పెట్టుకునే పుడతామని పెద్దలు లెక్కకట్టారు. పెళ్ళి కుదిరితే ఋణానుబంధం. చెడితే ‘ఋణం తీరిపోయింది’. ఆఖరికి ఇంట చేరిన కుక్కపిల్ల నాలుగు రోజులుండి చచ్చిపోయినా, ‘మనకీ దానికీ అంతే ఋణం’ అని నిట్టూరుస్తాం. ఇంత పెద్ద మాటని తీసుకెళ్ళి, నూటికి పాతిక చొప్పున వడ్డీ పిండే కంపెనీవాడి రసీదు పుస్తకానికి అంటగట్టాం. దాంతో నెల వాయిదా తప్పితే అది లెక్కలో తేడాలా కాక పాపంలా కనిపిస్తోంది మనకి.

ఈ సంగతి మన సాహిత్య విమర్శకులకి తెలుసో లేదో గాని, బాకీ వసూలుకి వచ్చేవాడికి మాత్రం క్షుణ్ణంగా తెలుసు. కంపెనీ పెట్టుబడి డబ్బు. అతని పెట్టుబడి మన సిగ్గు.

సుమతీ శతకకారుడు మనం కాపురం ఉండదగ్గ ఊరికి కావలసిన హంగులు చెబుతూ అప్పిచ్చేవాడికి వైద్యుడికంటే ముందు చోటిచ్చాడు. వసూలుకి వచ్చేవాడి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకడే కాబోలు. ఇచ్చిన షావుకారే అరుగు మీద కూర్చుని అడిగేవాడు. వాడికి మన తాత ముత్తాతలు తెలుసు, వాడి గుట్లు మనకీ కొన్ని తెలుసు. ఇప్పుడు అలా కాదు. అప్పిచ్చిన సంస్థ మన ముఖం చూడదు. రానిబాకీల జాబితా ఒక ఏజెన్సీకి అప్పజెబుతుంది. ఆ ఏజెన్సీ ఓ పాతికేళ్ళ కుర్రాడికి ఒక ఫోనూ, ‘ఇంత వసూలు చేస్తే ఇంత కమీషన్’ అన్న ఆశా ఇచ్చి మన వీధిలోకి తోలుతుంది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదని చెప్పను. కాని అతను ఎక్కి వచ్చిన మోటారు సైకిలు మీద కూడా రెండు వాయిదాలు బాకీ ఉండే ఉంటాయని నా అనుమానం.

ఈ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా మా వీధిలో ఒక పెద్దాయన, “తీసుకున్నప్పుడు తియ్యగా ఉండి, అడిగినప్పుడు చేదయిందా అమ్మా? కట్టేస్తే ఎవడొస్తాడు?” అంటారు. ఆయన ఒక్కరే కాదు, సగం దేశం అదే మాటంటుంది.

అయ్యా, కట్టవద్దని నేనెవరికీ చెప్పడం లేదు. తీసుకున్నది తీర్చాల్సిందే. కాని తమరు రెండు వేర్వేరు పద్దుల్ని కలిపేస్తున్నారు. ఒకటి, నేను కంపెనీకి ఇవ్వాల్సిన డబ్బు. రెండోది, ఆ డబ్బు ఆలస్యమైనందుకు నా వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా నన్ను తిట్టే హక్కు. మొదటిదానికి కాయితం ఉంది, దానికింద నా సంతకం ఉంది. రెండోది ఆ కాయితంలో ఎక్కడా లేదు. ఆలస్యానికి శిక్ష కూడా ఆ కాయితంలోనే రాసుకున్నారు, రూపాయల్లో. ఆ జరిమానా ఒక చేత్తో పుచ్చుకుంటూ రెండో చేత్తో పరువు కూడా పట్టుకుపోతానంటే ఎలా? అన్నట్టు, కోట్లలో ఎగవేసిన పెద్దమనుషుల గుమ్మం ముందు ఎవరైనా చాప పరుచుకు కూర్చోగా మీరు చూశారా? నేను చూడలేదు.

మా అమ్మమ్మ రోజుల్లో కోర్టు అమీనా వచ్చాడంటే పిల్లలు మంచం కింద దూరేవారట. జప్తు అంటే అంత హడల్. అమీనా ఊరికే వచ్చేవాడు కాదు. అప్పిచ్చినవాడు దావా వేసి, సాక్ష్యాలు పలికించి, డిక్రీ పుచ్చుకుని, అమలుకి మళ్ళీ దరఖాస్తు పెడితే అప్పుడు బయల్దేరేవాడు. అంత రాజలాంఛనంతో వచ్చిన అమీనాకి కూడా ఇంట్లో ఏది పడితే అది ఎత్తుకుపోయే అధికారం లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ ఒకటుంది. బాకీదారుకీ, అతని భార్యకీ, పిల్లలకీ అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు జప్తు చేయకూడదు. మతాచారం ప్రకారం ఆడది ఒంటి మీంచి తియ్యరాని నగ ముట్టుకోకూడదు. అంటే మన మంగళసూత్రమన్నమాట. చేతిపనివాడి పనిముట్లు, రైతు సేద్యపు సామాను, విత్తనాల గింజలు ముట్టుకోకూడదు. దానికి ముందే 56వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: డబ్బు బాకీ డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేసి సివిల్ జైల్లో పెట్టమని ఏ కోర్టూ ఉత్తరువు ఇవ్వకూడదు. తెల్లదొరల కాలంలో రాసిన చట్టమిది. ఇప్పటికీ అమల్లోనే ఉంది.

మగవాళ్ళ సంగతీ చెప్పాలి కదా. 1980లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ గారు సుప్రీంకోర్టు తీర్పులో ఒక సంగతి తేల్చారు. ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు. లేనివాణ్ణి, లేనందుకే జైల్లో పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం.

ఇప్పుడు చెప్పండి. కోర్టు ముద్రతో వచ్చే అమీనాకే మీ గిన్నె మీద చెయ్యి వేసే అధికారం లేనప్పుడు, మెళ్ళో ప్లాస్టిక్ కార్డు వేళ్ళాడేసుకుని వచ్చిన కుర్రాడు ‘గ్యాసుబండ పట్టుకుపోతాను’, ‘తాళి అమ్మి కట్టు’, ‘రేపు పోలీసులతో వస్తాను’ అనడం ఏ చట్టం ప్రకారం? అతను అడగడానికి వచ్చిన మనిషి. అంతే. పాల బిల్లు అడిగే అబ్బాయికి ఎంత అధికారం ఉందో అతనికీ అంతే ఉంది.

రెండు మినహాయింపులు చెప్పకపోతే పాఠకుల్ని తప్పుదోవ పట్టించినదాన్నవుతాను. వస్తువు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు, అంటే ఇల్లు, బంగారం, బండి, వేరు. ఆ వస్తువు మీద వాళ్ళకి హక్కు ఉంది. అదైనా నోటీసులూ పద్ధతులూ ఉన్న హక్కే. బండ్లు లాక్కోవడానికి బ్యాంకులు కండలు తిరిగినవాళ్ళని పంపడం కుదరదని 2007లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. రెండోది చెక్కు. ఇచ్చిన చెక్కు చెల్లక తిరిగి వెడితే అది నేరం కిందికి వస్తుంది. ఆ నోటీసు చేతికందిన పదిహేను రోజుల్లో డబ్బు కట్టెయ్యాలి. దాన్ని పోపులడబ్బా కింద దాచెయ్యకండి.

ఇక ఫోను సంగతి. మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి ఒకతె ఉంది. రెండో మిషను కొనుక్కోవడానికి ఫోనులోనే ఏదో యాప్ ద్వారా అప్పు చేసిందట. ఒకనాడు పొద్దున్న ఆరున్నరకి, నేనింకా కాఫీ కూడా తాగకముందు, ఒకతను నాకు ఫోను చేశాడు.

“ఫలానా ఆవిడ మీకేమవుతారు మేడమ్?”

“జాకెట్లు కుడుతుంది బాబూ.”

“మా దగ్గర డబ్బు తీసుకుని ఎగ్గొట్టింది. కట్టమని మీరు చెప్పండి.”

“నా జాకెట్టే పది రోజులుగా ఇవ్వడం లేదు. నేను చెబితే వింటుందా?”

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. “మీలాంటి పెద్దింటివాళ్ళు అలాంటి ఆడవాళ్ళని గుమ్మం ఎక్కనిస్తారా మేడమ్?” అన్నాడు.

అక్కడ మండింది నాకు. ఏమన్నానో అచ్చులో పెట్టడానికి సంపాదకులు ఒప్పుకోరు లెండి. విచారిస్తే, ఆ అమ్మాయి ఫోనులో పేరున్న ప్రతి మనిషికీ అదే ప్రశ్న, అదే మాట. వారం తిరిగేసరికి ఆమె దగ్గర కుట్టించుకునే ఇళ్ళలో సగం మరో దర్జీని వెతుక్కున్నాయి. ఇంతకీ ఆ కంపెనీవాడు సాధించిందేమిటి? ఏ కూలి డబ్బుతో ఆమె వాయిదా కట్టాలో ఆ కూలినే ఎత్తగొట్టాడు. గేదెకి గడ్డి మానిపించి పాలు పిండుతానన్నవాణ్ణి మనం తెలివైనవాడు అనం కదా! ఇది వ్యాపారం కూడా కాదు, వట్టి కసి. ఆ సగం ఇళ్ళవాళ్ళ మీద నాకు ఇంకా కోపం. అతను విసిరిన బురద ఆమెకి అంటుకుంది ఈ ఇల్లాళ్ళ చేతుల మీదుగానే. వాళ్ళు ‘అయితే ఏమిటి?’ అని ఫోను పెట్టేసి ఉంటే అతని విద్య అక్కడితో సరి.

ఇంతకీ అతను చేసింది నిషిద్ధం. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వసూలు ఏజెంట్ల గురించి ఇచ్చిన ఉత్తరువులో, ఉదయం 8 గంటలకి ముందూ సాయంత్రం 7 తరవాతా బాకీ కోసం ఫోను చేయకూడదని ఉంది. తిట్టకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, ఇంట్లోవాళ్ళ జోలికీ స్నేహితుల జోలికీ పోకూడదు. సూక్ష్మఋణాలకైతే ఇంకా కట్టుదిట్టం: ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపలే. ఆ సెప్టెంబరులోనే, అప్పులిచ్చే యాప్‌లు మన ఫోనులోని పేర్ల పట్టికనీ ఫోటోలనీ తాకకూడదని కూడా అన్నారు. ఊరికే అనలేదు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ యాప్‌ల తాలూకు కాల్ సెంటర్ల మీద పడి మనుషుల్ని పట్టుకునేసరికే కొందరు కుర్రవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. చేసిన అప్పులు వేలల్లో. పోయినవి ప్రాణాలు.

వసూలుకి మగవాణ్ణే పంపాలనే నియమం లేదని కనిపెట్టినవాడు మాత్రం మహా ఘటికుడు. పది మంది ఆడవాళ్ళని ఒక జట్టుగా కూర్చోబెట్టి, ఒకతె కట్టకపోతే మిగిలినవాళ్ళు కట్టాలన్నాడు. పేరు ఉమ్మడి బాధ్యత. డ్వాక్రా సంఘాలు పొదుపుతో మొదలై అప్పుదాకా వెళ్ళాయి. ఈ జట్లు అప్పుతోనే మొదలయ్యాయి. వారం వారం మీటింగు. ఒకతె డబ్బు తేలేదంటే అది వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. కూలికి పోవాల్సినవాళ్ళు, చంటిపిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళు, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చినవాళ్ళు, అందరూ కలిసి ఆ ఒక్కదాని ఇంటి మీదికి వెళ్ళాలి. నిన్నటిదాకా పురుటికీ పుణ్యానికీ ఆదుకున్న ఇరుగమ్మ ఇవాళ కంపెనీకి జీతం లేని ఏజెంటు! ఉమ్మడి బాధ్యత అని దీనికి ఇంగ్లీషులో ఎన్ని పుస్తకాలు రాసినా, ఆడదాని మీదికి ఆడదాన్ని ఉసిగొల్పడమే నేనంటాను.

దీని పర్యవసానం తెలుగునాట చూడనే చూశాం. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సూక్ష్మఋణ సంస్థల శాఖలు మూయించారు. నాలుగేళ్ళకి ఆత్మహత్యల వార్తలు పల్లె పల్లెనుంచీ వచ్చాక 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదా వారానికి కాదు నెలకి. వసూలు ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ తిరిగే చోట. వడ్డీ అసలుని మించకూడదు. ఈ చివరిది మన ధర్మశాస్త్రాలు ఎప్పుడో చెప్పిన మాటే. ఆ చట్టం రిజర్వు బ్యాంకు కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకి వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. అలాంటి కంపెనీలకి 2022లో రిజర్వు బ్యాంకు చేసిన నియమాలున్నాయి. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి, రెండు అంతకన్నా ఎక్కువసార్లు వరసగా అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఈ మాట జట్టు మీటింగులో ఎవరైనా చదివి వినిపించారా? నాకు నమ్మకం లేదు.

ఈ నియమాల గొడుగు కిందికి అసలు రానివాళ్ళూ ఉన్నారు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడింది. అప్పు తీర్చలేని ఆడవాళ్ళని ఏ రొంపిలోకి దింపారన్న ఆరోపణలు వచ్చాయో పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. అక్కడికి చేరడానికి ముందు ఆ ఆడవాళ్ళు ఎన్ని నెలలు నోరెత్తకుండా వడ్డీ కట్టారో ఎవరు లెక్కపెట్టారు? నోరెత్తకపోవడానికి కారణం మళ్ళీ ఆ సిగ్గే.

మధ్యాహ్నం పూట, మగవాళ్ళు లేనప్పుడు వచ్చి ‘మీ ఆయన బాకీ మీదే కదమ్మా’ అనడం ఈ వృత్తిలో ఇంకో ఒడుపు. కాదు. మొగుడి అప్పు పెళ్ళానికి పసుపు కుంకాలతోపాటు సంక్రమించదు. ఆవిడ కూడా అప్పుదారుగానో హామీదారుగానో సంతకం పెడితేనే ఆవిడ మీదికి వస్తుంది. (అందుకే సంతకం పెట్టమన్నప్పుడు ‘ఏమిటిది?’ అని అడగాలి. సంతకం ఆవిడది, ఖర్చు ఆయనది అయిన కాపురాలు నాకు చాలా తెలుసు.) మనిషి పోతే బాకీ ఆయన వదిలిన ఆస్తి మేరకే, ఆస్తి వదలకపోతే వారసులు జేబులోంచి కట్టనక్కర్లేదు. ఇందాక పితృ ఋణం అన్నాను చూశారూ, అది మొన్నమొన్నటిదాకా కోర్టులో కూడా చెల్లింది. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మం కాబట్టి కట్టి తీరాలని దావాలు వేసేవారు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఆ తరవాత చేసిన అప్పులకి ఆ వాదం పనికిరాదనేశారు. చట్టం ఆ ఋణం తీర్చేసుకుంది. మనం ఇంకా మోస్తున్నాం.

పల్లెల్లో ప్రోనోట్లు తెలిసిన పెద్దవాళ్ళకి మూడేళ్ళ లెక్క తెలుసు. మూడేళ్ళలో దావా వెయ్యకపోతే నోటు మురిగిపోతుంది. మురగకుండా ఉండాలంటే గడువులోపల ఎంతో కొంత జమ చేయించి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. గడువు దాటాక అయినా ‘కట్టుకుంటాను’ అని రాసి సంతకం పెడితే బాకీ లేచి కూర్చుంటుంది. ఎప్పటిదో పాత బాకీకి ‘ఒక్క వంద వెయ్యండి చాలు, ఇక్కడో సంతకం’ అని తియ్యగా అడిగేది ఇందుకే. పెట్టాలనుకుంటే పెట్టండి, అది మీ ధర్మబుద్ధి. కాని దేని మీద పెడుతున్నారో తెలిసి పెట్టండి.

మన సీరియల్ నవలల్లో అప్పులవాడు గుమ్మంలోకి వచ్చే ప్రకరణం ఒకటి తప్పకుండా ఉంటుంది. తండ్రి తల దించుకుంటాడు, తల్లి పమిట చెంగు నోట్లో కుక్కుకుంటుంది, కథానాయిక చేతిగాజులు తీసి బల్ల మీద పెడుతుంది. ఒక్కతె కూడా ‘మీ గుర్తింపు కార్డు చూపించండి, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఏదీ?’ అని అడగదు. అడిగితే కథ ఆగిపోతుందని భయమేమో! నాకైతే అక్కడే మొదలవుతుందనిపిస్తుంది. కార్డు చూసి పేరు రాసుకోవాలి. డబ్బు కంపెనీ ఖాతాకే కడతాను, నీ చేతికీ నీ ఫోనుకీ కాదనాలి. తిట్టాడా, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ మాట అన్నాడు, కేలండరు మీద రాసిపెట్టుకోవాలి. పాల లెక్క రాయడం లేదూ?

ఏజెంటు చేసినదానికి జవాబుదారీ అప్పిచ్చిన సంస్థదేనని రిజర్వు బ్యాంకు మాట. కాబట్టి ఫిర్యాదు కుర్రాడి మీద కాదు, సంస్థకే రాయాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎలాగో తెలియకపోతే 14448కి ఫోను చేసి అడగొచ్చు. అప్పివ్వడం కూడా చట్టం దృష్టిలో సేవే కనుక జిల్లా వినియోగదారుల కమిషనూ ఉంది. పోలీసుస్టేషనుకి వెడితే ‘ఇది సివిల్ మేటరమ్మా’ అంటారు. బాకీ సివిలే. బెదిరింపు సివిల్ కాదు. భారతీయ న్యాయ సంహితలో దానికి 351వ సెక్షన్ ఉంది. ఆ నెంబరు చెప్పి అక్కడే బెంచీ మీద కూర్చోవాలి.

ఇంకొక్కటి. 2024 అక్టోబరు నుంచి ఇచ్చే కొత్త వ్యక్తిగత అప్పులన్నిటికీ ముఖ్య విషయాల పత్రం ఒకటి ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో అందులో రాయాలి. వసూలు ఏజెంట్ల గురించి ఒప్పందంలో ఏ షరతుందో రాయాలి. ఫిర్యాదు వినే అధికారి ఫోను నెంబరు రాయాలి. ఇంగ్లీషు కాయితాల దొంతర మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అంటూ వేలు చూపిస్తారే, అప్పుడే కలం మూసి, ఆ పత్రం తెలుగులో ఇమ్మని అడగండి. ‘తెలుగులో లేదండీ’ అంటే, వచ్చేదాకా కూర్చుంటానని కుర్చీ దగ్గరికి లాక్కోండి. అప్పు ఇచ్చేదాకా వాళ్ళకి తొందరెక్కువ. మంచినీళ్ళు కూడా ఇస్తారు.